బంద్ చేయొద్దు

తెర మీద ఆకుపచ్చ గీత సగం దాటి ఆగినట్టుంది. ఆగలేదు. గడియారంలో చిన్నముల్లులాగా కదులుతూనే ఉంది, చూస్తున్నంతసేపూ మాత్రం కదలదు. సుమశ్రీ చూపు గీత మీద పెట్టి, పాదం బల్ల కిందున్న నల్లపెట్టెకు ఆనించి కూర్చుంది. పెట్టె వెచ్చగా ఉంది. లోపల ఫ్యాను తిరుగుతున్న అదురు చెప్పులోంచి అరికాలికి తెలుస్తోంది. అది మధులత కంప్యూటరు. మధులత పోయాక కూడా ఆగని కంప్యూటరు. దాని నుదుట అంటించిన చీటీ మీద మధు రాత, అక్షరాలు కుడివైపు ఒరిగి, 'బంద్ చేయొద్దు' అని. ఒకసారి పండగ సెలవుల్లో ఊడ్చడానికి వచ్చినవాళ్లెవరో దాని ప్లగ్గు తీసి ఫోను చార్జింగు పెట్టుకుంటే, మర్నాడు మధు వచ్చి, గదిలో ఉన్న అందరినీ కలిపి తిట్టి, కోపం తీరాక ఆ చీటీ రాసింది. ఇప్పుడు దాన్ని బంద్ చేయాల్సింది సుమశ్రీ. ఇవాళే. ఆ గీత చివరకంటా వెళ్లాక.

పంజాగుట్టలో చీరల దుకాణం పైన మూడో అంతస్తులో వాళ్ల ఆఫీసు. మందుల షాపుల వాళ్లకు లెక్కలు చూసిపెట్టే సాఫ్ట్‌వేర్ చేస్తారు. ఇంతకాలం ఎవరి కంప్యూటర్లో వాళ్లు రాసుకునేవారు. ఒకరి దగ్గర నడిచింది పక్కవాళ్ల దగ్గర నడిచేది కాదు. "నా మెషీన్ల మంచిగనే నడుస్తుందన్నా" అనే మాట ఆ గదిలో వినబడని రోజు లేదు. ఆ మాటకు ఇప్పుడు నూకలు చెల్లాయి. అందరి పనీ క్లౌడ్‌లోకి మారిపోయింది. బల్ల మీద తెర ఉత్త కిటికీ. రాసేదీ, నడిచేదీ ఎక్కడో, ఎవరూ చూడని గదిలో ఉన్న యంత్రం మీద. ఈ ముచ్చట మొదలైనప్పుడు మధు ఉంది. కుర్చీ వెనక్కి వాల్చి, "గిట్లయితే ఏడు సముద్రాల అవతల చిలుకల పానం దాసినట్టే గదా టీచర్. చిలుకకు జరమొస్తె మనమంత పండుకోవాల్నా?" అంది. జరం అంది. ఆ రోజుకి అది నవ్వుకోవడానికే పనికొచ్చింది.

టీచర్ అని పిలిచేది మధు ఒక్కతే. సుమశ్రీ కాకినాడలో ఒక బడిలో సోషల్ చెప్పేది. అది వదిలి, ఈడు దాటాక, అమీర్‌పేటలో కోర్సు నేర్చుకోవడానికి వచ్చింది. మైత్రీవనం వెనక ఇరుకు మెట్ల మీదుగా ఎక్కితే ఒక గది, గదిలో వరసగా కంప్యూటర్లు, ఏ కంప్యూటరూ ఎవరిదీ కాదు. పొద్దుటి బ్యాచ్ వాళ్లు రాసింది మధ్యాహ్నం బ్యాచ్ వాళ్లు తుడిచేసేవారు. ముందురోజు కష్టపడి రాసుకున్నది వెతుక్కుని, దొరక్క, ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంటే పక్క కుర్చీలో పిల్ల తల తిప్పకుండానే అంది: "కొత్తనా? గీడ నిన్నటిది ఎవ్వలకు మిగలది." మెడలోంచి నల్లదారం పైకి లాగి చూపించింది. తాయెత్తు ఉండాల్సిన చోట చిన్న పెన్‌డ్రైవ్ వేలాడుతోంది. "పానం మెడల ఏసుకొని తిరగాలె అక్కా." ఆ సాయంత్రం ఇద్దరూ కలిసి సుమశ్రీకి కూడా ఒకటి కొన్నారు. నల్లదారం మధు తెచ్చింది, ఎర్రమంజిల్ క్వార్టర్లలో తమ ఇంట్లోంచి, వాళ్లమ్మ పూజ సామాన్ల డబ్బాలోంచి. ఆ దారం ఇప్పటికీ సుమశ్రీ దగ్గర ఉంది. పెన్‌డ్రైవ్‌లో ఏముందో గుర్తు లేదు. ఏవో మొదటి పాఠాలు, తప్పులతో సహా.

గీత కొంచెం జరిగింది. ఈసారి చూస్తుండగానే.

అందరూ రాసిన ముక్కల్ని చేర్చి కుట్టి, ఎక్కడైనా చిరుగు ఉందేమోనని యంత్రం తనంతట తనే పరీక్షించుకునే పనిని వాళ్లు బిల్డ్ అంటారు. అది మధు పెట్టెలోనే జరిగేది. అలా జరగాలని ఎవరూ నిర్ణయించలేదు. ఇంట్లో నలుగురున్నా తాళంచెవులు ఒకరి కొంగుకే చేరినట్టు, అది అక్కడికి చేరింది. బిల్డ్‌కి దగ్గరదగ్గర గంట పట్టేది. ఆ గంటసేపూ సుమశ్రీ పరీక్ష హాల్లో కాపలా ఉన్న మాస్టారులాగా తెర ముందు నుంచి కదిలేది కాదు, తిండి కూడా మరచిపోయేది. అది చూడలేక మధు ఒకరోజు మెట్ల దగ్గరికి పోయి ఫోన్లో తన గొంతు రికార్డు చేసుకుని వచ్చింది. బిల్డ్ సరిగ్గా పూర్తయితే పెట్టెకు తగిలించిన చిన్న స్పీకర్లోంచి దానంతటదే పలికేటట్టు ప్రోగ్రాములో ఒక వరస రాసిపెట్టింది. 'అయిపాయె. లెవ్వుండ్రి ఇగ, చాయ్ తాగుదాం.' దాని వెనక సగం నవ్వు. నవ్వు వెనక సిగ్నల్ దగ్గర బస్సు హారన్, హారన్‌లోంచి దూరంగా ఇంకో గొంతు, 'ఏంటిది మధూ' అని. ఆ గొంతు సుమశ్రీదే. మెట్ల మీద ఏం చేస్తోందో చూద్దామని వెళ్లినప్పటిది. అంత తేలికైన గొంతు తనకు ఉండేదని ఇప్పుడు వింటే నమ్మకం కలగదు.

అప్పటినుంచి ఆఫీసుకి అదే గంట. ఆ పిలుపు వినబడితే అందరూ కుర్చీలు జరిపి లేచేవారు. కింద సందులో చాయ్ బండి దగ్గర మధు వన్ బై టూ చెప్పేది, ఒక చాయ్ రెండు కప్పుల్లో. ఏ కప్పులో ఎక్కువ పడిందని రోజూ తగువు. "నువ్వు టీచర్‌వి, దానం జేయాలె," అని ఎక్కువ పడిన కప్పు తీసుకునేది. ఇప్పుడు సుమశ్రీ ఒక్కతే ఒక చాయ్ చెప్పుకుంటుంది. సగం తాగి, మిగతా సగం కప్పులోనే వదిలేస్తుంది. వదిలేయాలని వదలదు. సగమయ్యేసరికి చేయి దానంతటదే ఆగుతుంది.

మధు పోయిన మర్నాడు ఆఫీసులో పెట్టె సంగతి ఎవరికీ తోచలేదు. అది తన పని తాను చేసుకుపోయి, మధ్యాహ్నం ఎండ కిటికీ దాటాక, 'అయిపాయె' అంది. సురేందర్ చేతిలో నీళ్లసీసా జారి పడింది. సురేందర్ వాళ్లందరిలోకి చిన్నవాడు, మధును వదినా వదినా అని ఉడికించేవాడు, ఏ వరసలో వదినో ఎవరికీ తెలియదు. నీళ్లు నేల మీద పారుతుంటే ఎవరూ తుడవలేదు, ఎవరూ లేవలేదు. తర్వాత రామ్మోహనరావు గారు, కంపెనీ ఆయనదే, ఎవరి ముఖమూ చూడకుండా అడిగారు: "ఆ మాట తీసేయించమంటారా?" ఔనని ఎవరూ అనలేదు. కొన్నాళ్లకు ఒకరు లేచారు. ఇంకొన్నాళ్లకు ఇద్దరు. మనుషులు దేనికైనా అలవాటు పడతారు. పోయిన మనిషి పిలిస్తే లేచి చాయ్‌కి వెళ్లడానికి కూడా అలవాటు పడ్డారు.

స్నేహితురాలికి మైల లేదు. అక్క పోతే, తోటికోడలు పోతే, ముఖం ఎరగని పాలివాళ్లు పోయినా ఇన్ని రోజులని ఉంటుంది. ఆ రోజుల్లో మనిషి ఎలా ఉండాలో, ఏం తినాలో, ఎవరు పలకరించాలో అన్నీ ఎవరో ముందే ఆలోచించి పెట్టారు. పక్క కుర్చీలో మనిషి పోతే ఏం చేయాలో ఎవరూ ఆలోచించలేదు. కాకినాడలో వాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు శ్మశానానికి వెళ్లరు. పంజాగుట్ట శ్మశానం గేటు దగ్గర ఆమె కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి. మధు వాళ్లమ్మ మాత్రం ఆగలేదు, ఎవరి చేయీ పట్టుకోకుండా లోపలికి నడిచిపోయింది. సుమశ్రీ మెట్రో స్తంభం నీడలో నిలబడింది. పైన రైలు వెళుతోంది, పక్కన బస్సులు, ఎవరో ఆటో ఆపి "ఖైరతాబాదా మేడం" అని అడిగారు. అందరూ బయటికి వచ్చి వెళ్లిపోయాక ఆమె నడుచుకుంటూ ఆఫీసుకి వచ్చింది. ఇంకెక్కడికి వెళ్లాలో తెలియలేదు, ఆఫీసు దగ్గరే కదా. స్నానం చేయకుండా వచ్చి కంప్యూటరు ముట్టుకున్నానని రాత్రి ఎప్పుడో గుర్తొచ్చింది.

దినం నాడు వెళితే మధు వాళ్లమ్మ ఆమెను తేరిపార చూసి, "నువ్వేనా బిడ్డా, దాని పక్క కుర్సీల కూసునేది?" అంది. ఔనంది. "ఆఫీసుల ఏం జేస్తుండె బిడ్డా అది? ఎప్పుడడిగినా నవ్వుతుండె గాని చెప్పకపోతుండె." సుమశ్రీకి చాలా మాటలు వచ్చాయి. బిల్డ్, టెస్టు, సర్వరు. ఒక్కటీ ఆ తల్లి ముందు పెట్టదగిన మాట కాదు. చివరకు, "అందరి పనీ ఒకచోట చేర్చేదండీ," అంది. ఆ తల్లి తల ఊపింది. "ఇంట్ల సుత గంతే," అంది.

"సుమక్కా," సురేందర్ వెనక నుంచి తొంగిచూశాడు. "ఇంకా అయితలేదా? సార్ మల్ల అడుగుతుండు."

"నడుస్తోంది," అంది, తల తిప్పకుండా.

సార్ అడగడం ఇవాళ కొత్త కాదు. మిగతావాళ్ల కంప్యూటర్లన్నీ ఎప్పుడో క్లౌడ్‌కి మారిపోయాయి. మధు పెట్టె ఒక్కటే మిగిలింది. జాగ్రత్త గల మనిషని దాన్ని మార్చే పని సుమశ్రీకి ఇచ్చారు. ఆమె జాగ్రత్తగానే మార్చింది. ఇల్లు మారేటప్పుడు డబ్బాల్లో పప్పులు చిందకుండా మూటకట్టినట్టు, మధు రాసిన ప్రతి వరసనూ వరస చెడకుండా అక్కడికి చేర్చింది. ఏది పనికొస్తుందో ఏది పనికిరాదో తాను తేల్చలేదు. గొంతు పలికించే వరస కూడా చేర్చింది. అంతా సరిగ్గా ఉన్నా ఒక్క పరీక్ష మాత్రం అక్కడ తప్పేది. మందుల షాపు ఏ రోజు అమ్మకం ఆ రోజు లెక్కలో పడాలి. మధు పెట్టెలో పడుతోంది, క్లౌడ్‌లో పడటం లేదు, తెల్లవారుజామున అమ్మిన మాత్రలు నిన్నటి లెక్కలోకి పోతున్నాయి. ఎందుకో ఆమెకు మొదటిరోజే తెలిసింది. ఆ యంత్రం మన గడియారం ప్రకారం నడవదు, ఐదున్నర గంటలు వెనక ఉంటుంది. ఒక్క వరస రాస్తే సరిపోతుంది.

ఆ వరస ఆమె రాయలేదు. "ఒక టెస్టు పోతోంది సార్, చూస్తున్నాను" అని వారం వారం చెప్పింది. అబద్ధం చెప్పే అలవాటు లేని మనిషి కనుక ఎవరూ అనుమానపడలేదు. అబద్ధం కూడా కాదు. నిజంగానే చూస్తోంది. రోజూ దాన్ని తెరిచి, చూస్తూ కూర్చుంటోంది. ఇక్కడ తెల్లవారుజాము, అక్కడ ఇంకా నిన్న. మధు పోయింది తెల్లవారకముందు. జ్వరంతో సోమాజిగూడ ఆస్పత్రిలో ఉంటే ప్లేట్‌లెట్లు ఎక్కిస్తూనే ఉన్నారు. ముందురోజు సాయంత్రం బాగానే ఉంది, నుదుటి మీద తడిగుడ్డతో, "బిల్డ్ అయ్యిందా టీచర్, చాయ్ తాగిన్రా నన్నిడిసిపెట్టి?" అంది. చీకటి ఉండగానే ఫోను మోగింది. ఐదున్నర గంటలు వెనక నడిచే గడియారం ఒకటి ఎక్కడో ఉంటే, అక్కడ ఇంకా ఫోను మోగలేదు. అక్కడింకా ముందురోజే. అది లెక్క కాదని ఆమెకు తెలుసు. ఏడో తరగతికి తానే చెప్పింది. ప్రపంచమంతా ఒకే క్షణం పిల్లలూ, మనం దానికి తలా ఒక పేరు పెట్టుకున్నాం. మన దేశం అంతటికీ టైము చెప్పే గీత మన కాకినాడ మీదుగానే పోతుంది. పిల్లలు కిటికీలోంచి బయటికి చూసేవారు, "ఎక్కడ టీచర్, గీత ఎక్కడుంది?" అని. ఈ సంగతి చెబితే మధు పడీపడీ నవ్వింది. "గందుకేనా నీకు టైమంటే గంత బయం! గీత మీద పుట్టినవ్." బడిలోనే ఇంకోటి. ఊరు మారి వెళ్లిపోయిన పిల్ల పేరు అలవాటున హాజరులో పిలిచేది, పిల్లలు గొల్లున నవ్వేవారు. అప్పుడు సిగ్గుపడింది. ఇప్పుడనిపిస్తుంది, పిలిస్తే ఏం పోయింది. ఒక్కరైనా "ప్రెజెంట్ టీచర్" అని ఉండవలసింది.

ఈ పొద్దున రామ్మోహనరావు గారు ఆమె బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు. మంచి మనిషి. మధు ఇంటికి ఆయనే మొదట వెళ్లింది. "ఏంటమ్మా సుమశ్రీ, ఎన్నాళ్లమ్మా? కరెంటు పోయినప్పుడల్లా నా గుండె ఆగిపోతుంది. ఆ పెట్టె కూలబడితే మనందరం రోడ్డు మీదే కదా. రేపు పాత సామాను పట్టుకుపోయేవాళ్లు వస్తారు. నీకు చేతకావట్లేదంటే చెప్పు, తప్పులేదు. బయటివాళ్లని పిలిపిస్తా." బయటివాళ్లు. చీటీ చదవడం రానివాళ్లో, చదివి నవ్వేవాళ్లో. ప్లగ్గు పట్టుకుని లాగుతారు. "వద్దు సార్, ఇవాళ అయిపోతుంది," అంది. ఆయన వెళ్లాక ఆ ఒక్క వరస రాసింది. అంతే, ఒక్క వరస. దూరాన ఉన్న గడియారం ఐదున్నర గంటలు ముందుకి జరిగి ఇవాళ్టికి వచ్చేసింది. ఇప్పుడు అక్కడ కూడా మధు లేదు.

అలా ఎందుకనిపించిందో, వెంటనే నీళ్ల కుళాయి దగ్గరికి వెళ్లి ముఖం కడుక్కుంది. కుళాయి కింద ఉండగానే లోపలి గదిలోంచి పాత పెట్టె పిలిచింది, పొద్దుటి బిల్డ్ ముగిసి. నీళ్ల చప్పుడులో 'లెవ్వుండ్రి' వరకే వినబడింది. కుళాయి కట్టేసరికి నవ్వు కూడా అయిపోయింది. పోనీలే అనుకుంది. మధ్యాహ్నం క్లౌడ్‌లో మళ్లీ వస్తుంది కదా, అని.

అదే ఆమె ధైర్యం. గొంతు ఫోన్లో కూడా దాచుకుంది, ఎప్పుడో. ఒక్కసారీ తెరవలేదు. తాను నొక్కితే వచ్చే గొంతు వేరు, దానంతటది వచ్చే గొంతు వేరు. నొక్కి వినడమంటే ఫోటో చూసుకోవడం. ఈ పెట్టెలోంచి వచ్చేది అలాంటిది కాదు. ఎప్పుడు వస్తుందో తెలియదు, పనిలో తలమునకలై ఉంటే వెనక నుంచి భుజం తట్టినట్టు వస్తుంది. బతికున్నవాళ్లు అలాగే వస్తారు. ఆ ఒక్క తేడా కోసమే ఆమె ఆ వరసను అంత శ్రద్ధగా మోసుకుపోయింది. పెట్టె పోయినా పర్లేదు, ఇనుము ఇనుమే. ఇవాళ సాయంత్రం, రేపు, వచ్చే ఏడు, బిల్డ్ అయినప్పుడల్లా మధు లేవమంటుంది. క్లౌడ్‌లో బిల్డ్ మొదలుపెట్టి, స్పీకరు గొంతు పూర్తిగా పెంచి పెట్టింది.

గీత చివర అంచుకు ఆనింది. ఒక పరీక్ష మిగిలింది, ఆ లెక్కల పరీక్షే. సుమశ్రీ పాదం పెట్టె మీద నుంచి తీసి నేల మీద పెట్టుకుంది. బడిలో ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు నిలబడినట్టు వీపు నిటారుగా అయింది. తెర అంతా ఆకుపచ్చగా మారింది. అన్నీ పాసయ్యాయి.

ఆమె విన్నది. ఫ్యాను చప్పుడు. సురేందర్ వేళ్ల టకటక. కింద సిగ్నల్ దగ్గర హారన్లు. ఎవరో తుమ్మారు. ఇంకా కాసేపు విన్నది. దూరం నుంచి రావాలి కదా, ఆలస్యం అవుతుందేమో. తర్వాత తెర మీద ఆ యంత్రం రాసుకున్న వరసలు ఒక్కొక్కటే పైకి జరుపుతూ చదివింది. ఉంది. చివరి వరస ఉంది. గొంతు వినిపించడం పూర్తయింది, తప్పులేమీ లేవు, అని ఉంది. అప్పుడు అర్థమైంది. ఆ యంత్రం చెప్పిన పని చెప్పినట్టు చేసింది. మధు పిలిచింది. ఎక్కడో ఆ గదిలో, స్పీకరు లేని చోట, వినేవాళ్లు లేని చోట, లెవ్వుండ్రి ఇగ, అంది. సగం నవ్వు కూడా నవ్వే ఉంటుంది. దాని వెనక తాను కూడా, ఏంటిది మధూ, అని అడిగే ఉంటుంది. అన్నీ మూటకట్టుకుని తీసుకెళ్లి, చెవులు మాత్రం ఇక్కడ మరచిపోయింది.

పాత పెట్టెలో ఇంకోసారి బిల్డ్ నడపవచ్చు. గంట కూర్చుంటే చాలు, పూర్తిగా వినవచ్చు, నవ్వుతో సహా. వేళ్లు మీటల మీదికి వెళ్లాయి కూడా. కానీ ఇప్పుడు నడిపితే అది తాను నొక్కినట్టే. ఇక అది రాదు, రప్పించుకోవడమే. వేళ్లు వెనక్కి తీసుకుంది.

కుర్చీ జరిపి బల్ల కిందికి వంగి, నేల మీద కూర్చుంది. చీటీ మూలలు దుమ్ముతో నల్లబడ్డాయి. దాని కిందే బటన్. చీటీ తీయకుండానే నొక్కింది. ఒక క్షణం ఏమీ కాలేదు. తర్వాత ఫ్యాను మెల్లమెల్లగా, వాలుగా ఉన్న దారిలో ఆగే సైకిలులాగా తగ్గి, ఆగిపోయింది. అది అంత చప్పుడు చేసేదని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. గదిలో హఠాత్తుగా ఖాళీ ఏర్పడింది. రోడ్డు పెద్దగా వినబడింది. సురేందర్ వేళ్లు ఆగాయి. అద్దం తలుపు వెనక రామ్మోహనరావు గారు ఫోను చెవి నుంచి తీసి ఇటు చూశారు. అందరూ తలలెత్తారు. ఎవరో అనవలసిన మాట ఒకటి గాలిలో ఉండిపోయి, దాని కోసం అందరూ ఆగినట్టుంది.

సుమశ్రీ లేచి నిలబడింది. చీర కుచ్చిళ్లకు అంటిన దుమ్ము దులుపుకుంది. మధు మాటనే మధు అన్నట్టే అందామనుకుంది. నోట్లో ఆ మాటలు పేర్చుకుంది కూడా. బయటికి మాత్రం తన మాటే వచ్చింది, బడి గంట అయ్యాక పిల్లలతో అన్నట్టు.

"అయిపోయింది. లేవండి, టీ తాగుదాం."

ఒక కుర్చీ కిర్రుమంది. సురేందర్ లేచాడు. ముఖం తుడుచుకుని, తుడుచుకోనట్టు, "చాయ్ అనాలె అక్కా, టీ కాదు," అన్నాడు. ఇంకో కుర్చీ జరిగింది. తర్వాత ఇంకోటి. అద్దం తలుపు తెరుచుకుంది. మెట్ల దగ్గర, గోడకు చేయి ఆనించి దిగుతుంటే, సురేందర్ వెనక్కి తిరిగి, అడగాలా వద్దా అన్నట్టు అడిగాడు.

"వన్ బై టూ చెప్పాల్నా అక్కా?"

సుమశ్రీ ఒక మెట్టు మీద ఆగింది. సిగ్నల్ దగ్గర బస్సు హారన్ కొట్టింది.

"వద్దు," అంది. "ఫుల్లే చెప్పు. తాగుతాను."